అడ్డం బెంచీ

రెండు బళ్ళలో ఏది పెద్దదో రాజయ్య చద్దర్లతో కొలిచాడు. సోలాపూర్‌లో, అందులోనూ అశోక్ చౌక్ వెనక గల్లీల్లో, లోకాన్ని చద్దర్లతోనే కొలుస్తారు. కొత్తగా కట్టిన గది ఎంతుందని అడిగితే ఇన్ని చద్దర్ల కట్టలు, అంటే గట్టాలు, పడతాయంటారు. పెళ్ళికొడుకు ఎత్తెంతని అడిగితే చద్దరు కప్పితే కాళ్ళు బయటికి వస్తాయంటారు.

ఆ రోజు సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. షెడ్డులో చప్పుడు ఆగిపోవడంతో గల్లీలో మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, అది అందరికీ మంచిది కాకపోయినా. బళ్ళు బేరం కుదిర్చే దత్తాత్రి ఇంటి ముందు రెండు బళ్ళు తెచ్చి నిలబెట్టాడు. ఒకటి జీపు జాతి పెద్ద బండి. ముందు ఇద్దరికీ, నడుమ ముగ్గురికీ సీట్లు. వెనకాల ఎదురెదురుగా రెండు అడ్డం బెంచీలు. రెండోది తెల్లటి కారు. ముందొక వరస, వెనకొక వరస, ఆపైన డిక్కీ. రాజయ్య తన షెడ్డులో నేసిన చద్దర్ల గట్టాలు తెప్పించి రెండింటిలోనూ పెట్టించి చూశాడు. అడ్డం బెంచీలు పైకి మడిస్తే పెద్ద బండిలో కప్పుదాకా పట్టాయి. కారు డిక్కీ రెండు గట్టాలకే మూత పడనంది.

"అయిపాయె, తేలిపాయె," అన్నాడు రాజయ్య. పెద్ద బండిలో డ్రైవరు పక్క సీటు ఎక్కి కూర్చుని, వీపు ఆనించి, కళ్ళు మూసుకుని చూశాడు. కొడుకు గంగాధర్ నడిమి సీట్లో కూర్చుని చూశాడు. బాగుందన్నారు.

అరుగు మీద చంద్రభాగ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇంట్లో సాంచాలు వచ్చాక ఆమె చుట్టవలసిన అవసరం లేదు. కానీ చాట లేకపోతే ఆమెకు ఒళ్ళోంచి ఎవరో లేచిపోయినట్టుంటుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బెంచీలు మడిస్తె గట్టాలు పడ్తయి. విప్పితె ఎవలు పడ్తరు?"

"ఇంకెవలు, మీరే. ఆడోళ్ళు. నలుగురు ఆరాముగ కూసుంటరు," అన్నాడు రాజయ్య. "కార్ల అయితె ఎనక ఒక్కటే సీటు. నేను ఎనక కూసుంటె సరోజ నా పక్కకు కూసుంటదా? మామ పక్కన కోడలు కూసునుడు మన పద్ధతేనా?"

అది నిజమే. ఆ ఇంట్లో మామ కుర్చీలో ఉంటే కోడలు కుర్చీ ఎక్కదు. బి.ఏ. చదివిన సరోజ పెళ్ళయినప్పటి నుంచి పేపరు నిలబడే చదువుతోంది. దేశంలో ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు గానీ, ఎప్పుడూ తీరిగ్గా తెలియలేదు.

చంద్రభాగ ఇంకో ఆకు తీసుకుంది. ఆమెకు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది. సిరిసిల్లలో మరిది కొడుకు పెళ్ళికి ఇలాంటి బండే కిరాయికి మాట్లాడారు. ఆడవాళ్ళందరినీ అడ్డం బెంచీల మీద ఎక్కించారు. మోకాళ్ళకు మోకాళ్ళు చిక్కుపడి, ఒళ్ళో ఇత్తడి బిందె, కాళ్ళ కింద లడ్డూల డబ్బా. బండి ముందుకు పోతుంటే ఆమె పక్కకు పోయింది. మలుపు వచ్చినప్పుడల్లా పొరుగింటి యమునాబాయి మీదికి ఒరిగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఒరిగి, దారంతా క్షమాపణల్లోనే గడిచింది. తీరా దిగేసరికి కాళ్ళు చాపుకోలేదు. వియ్యాలవారు చూస్తుండగా ఇద్దరు పట్టుకుని, బండి మీంచి నూలు చుట్టిన బీమును దించినట్టు దించారు. అదే సమయంలో ముందు సీట్లోంచి దిగిన రాజయ్య తల దువ్వుకుంటూ అందరికీ చెబుతున్నాడు: "రోడ్డు తెల్వనే లేదు. గంత ఆరాముగ వచ్చినం."

కాళ్ళ నొప్పి వారంలో పోయింది. ఆ మాట పోలేదు. మళ్ళీ ఆ బెంచీ ఎక్కేది లేదని ఆ రోజే అనుకుంది. ఇప్పుడు ఆ బెంచీ సొంతమవుతోంది. ఇవాళ ఊరుకుంటే బతికినన్నాళ్ళూ పక్కకే ప్రయాణం.

చాట పట్టుకుని లేచింది.

"ఏమే, ఏడికి?"

"నువ్వు గట్టాలతోని చూసినవ్. నేను మనుషులతోని చూస్త. సరోజా, రా. యమునా, నువ్వు గూడ రా."

యమునాబాయి పిలుపు కోసమే తన గుమ్మంలో నిలబడి ఉంది. ముగ్గురూ మొదట తెల్లకారు వెనక సీట్లో కూర్చున్నారు. సీటు మెత్తగానే ఉంది, పరుపంత మెత్తగా. కానీ ఎంత లోపలికి దిగిందంటే చంద్రభాగ మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. చాట ఏటవాలై తంబాకు కొంచెం ఒలికింది. నడుమ కూర్చున్న యమునాబాయికి కాళ్ళ దగ్గర నేల మిట్టగా తగిలింది.

"నా కాళ్ళేడ పెట్టుకోవాలె వదినా? నీ తాన ఒకటి, సరోజ తాన ఒకటి పెట్టాల్నా?"

"ఇంటికాడ ఇడిసి రావాలె," అంది చంద్రభాగ. తలుపు పట్టుకుని, మూలుగుతూ లేచి బయటికొచ్చింది.

గంగాధర్ దగ్గరికొచ్చి, "అవ్వా, నీకు కారే కావాల్నంటె నాయినకు నేను చెప్త," అన్నాడు. మంచి పిల్లవాడే. తండ్రి లేనప్పుడు ఇంకా మంచివాడు.

"నాకేం కావాల్నో నేను చెప్త," అంది ఆమె. పెద్ద బండి ముందు తలుపు తీసి, కడ్డీ పట్టుకుంది. సరోజ వెనక నుంచి తోసింది. కూర్చుంది.

కాళ్ళు రెండూ నేలకు ఆనాయి. మోకాళ్ళు మోకాళ్ళలాగే ఉన్నాయి. వీపు నిలువుగా నిలబడింది. ఒళ్ళో చాట అరుగు మీద పెట్టినట్టు కదలకుండా కూర్చుంది. ఎదురుగా గాజులోంచి గల్లీ చివరిదాకా, ఆ పైన చౌక్ దాకా కనిపిస్తోంది. ఎవరింటి గోడ మీద ఏం ఆరేశారో కూడా కనిపిస్తోంది. ఇన్నేళ్ళు ఈ గల్లీలో ఉండి, ఇది ఇంత పొడుగని ఆమెకు తెలియదు. ఒక ఆకు తీసుకుని, తంబాకు వేసి, చుట్టడం మొదలుపెట్టింది.

"మంచిగ చూసినవ్ గద, ఇగ దిగు," అన్నాడు రాజయ్య. "ఒక చక్కర్ కొట్టి వస్తం."

"కొట్టున్రి. నేను గూడ వస్తున్న."

"అది నా సీటే."

"ఎనక నలుగురు ఆరాముగ కూసుంటరంటివి. ఒక్కనివే కూసో. కాళ్ళు చాపుకో."

"గల్లీ అంత చూస్తున్నది, చంద్రా."

"చూడనియ్యి. సాంచాలు బంద్ ఉన్నయ్, వాళ్ళకు గూడ ఏం పని లేదు."

రాజయ్య గొంతు పెంచాడు. చంద్రభాగ దారం చుట్టి ముడివేసింది. వయసులో ఉన్నప్పుడు, మంచి బీడీలను కూడా కారఖానాలో సరుకు చూసే ముకద్దం తీసి పారేస్తున్నాడని ఎర్రజెండా పట్టుకుని గేటు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ఒకతి. ఒళ్ళో చాటలతోనే కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు అరవనక్కర్లేదని ఆమె అక్కడే నేర్చుకుంది. కాళ్ళు నొప్పి పుట్టేది నిలబడ్డవాళ్ళకే.

యమునాబాయి తన చాట తెచ్చుకుని నడిమి సీట్లోకి ఎక్కింది. సరోజ ఒక్క క్షణం మామ వైపు చూసి, ఆమె పక్కనే కూర్చుంది.

"నువ్వు గూడనా?" అన్నాడు రాజయ్య.

"నేను బి.ఏ.ల బెంచీ మీద కూసున్నదాన్నే, మామా. అది ఎదురుంగ చూసే బెంచీ," అంది సరోజ, ఎంతో మర్యాదగా. "పక్కకు చూసే బెంచీ మా కాలేజీల లేకుండె. నాకు అలవాటు లేదు."

దత్తాత్రి గడియారం చూసుకున్నాడు. "సేట్, బసా నా, కూసోన్రి. మల్ల ఇంకొకలకు చూపియ్యాలె."

రాజయ్య ధోతి పైకి పట్టుకుని వెనక తలుపులోంచి అడ్డం బెంచీ ఎక్కాడు. గంగాధర్ ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. తండ్రీకొడుకుల మోకాళ్ళు కలుసుకున్నాయి. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చున్నది లేదు.

దత్తాత్రి తోలగా బండి హోట్గి రోడ్ మీదికి వెళ్ళింది. మొదట వెనక నుంచి మాటలు వినిపించాయి. తరవాత "మెల్లగ" అని వినిపించింది. గుంతలున్న చోట "అరె దత్తాత్రీ" అని, మలుపు దగ్గర తల దేనికో తగిలిన చప్పుడు వినిపించాయి. చంద్రభాగ చుడుతూనే ఉంది. ఒక్క పొగాకు పలుకు కింద పడలేదు.

ఇంటి ముందు బండి ఆగాక రాజయ్య ముందు ఒక కాలు దించాడు. రెండో కాలు ఎక్కడుందో వెతుక్కున్నట్టు కాసేపు ఆగి, గంగాధర్ భుజం పట్టుకుని దాన్నీ దించాడు.

"రోడ్డు తెల్వనే లేదు," అంది చంద్రభాగ, గాజులోంచి ముందుకు చూస్తూ.

రాజయ్య నడుము మీద చెయ్యి వేసుకుని దత్తాత్రి వైపు తిరిగాడు. "కారే ఖాయం చెయ్యి. ఈ ఎనక బెంచీ మనుషులు కూసునేది గాదు."

చంద్రభాగ చేతిలో బీడీ ఆగింది.

"మరి పోయినేడు సిరిసిల్ల దాక అండ్ల కూసున్నది ఎవలు?"

యమునాబాయి దగ్గింది. దత్తాత్రి బండి టైరు వైపు చూశాడు.

"కారొద్దు," అంది చంద్రభాగ. "నాకు గీ బండే కావాలె. ఎత్తుగున్నది, మోకాళ్ళకు మంచిగున్నది. నీ గట్టాలు గూడ పడ్తయి. ఆ బెంచీలు మడిచే పెట్టు, అండ్ల మనుషుల్ని పెట్టకు."

"మరి ఎవలేడ కూసోవాలె?"

"నేనీడ. సరోజ, గంగాధర్, నువ్వు నడుమ."

"మామ పక్కన కోడలా?"

"గంగాధర్‌ను నడుమ పెట్టుకో. అప్పటికీ పద్ధతి పోతదంటె బెంచీ విప్పుకొని ఎనక కూసో. ఆడ పద్ధతికి చానా జాగా ఉన్నది."

బేరం దేనికి కుదిరిందో అర్థమై దత్తాత్రి తెల్లకారు తీసుకుని వెళ్ళిపోయాడు. పెద్ద బండి నిలబడింది, అందులో చంద్రభాగ కూడా. ఎండ గోడ దాటి గల్లీలోకి దిగింది. ఇంట్లోంచి పప్పు పోపు వాసన వచ్చింది. రాజయ్య లోపలికి పోయాడు, వచ్చాడు, ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి చూశాడు.

"బువ్వకన్న దిగుతవా?"

"సీటు ఎవలదో చెప్పు, దిగుత."

రాజయ్య అటూ ఇటూ చూశాడు. గల్లీలో ప్రతి గుమ్మంలోనూ ఒకరు ఉన్నారు, పనేదో చేస్తున్నట్టుగా.

"నీదే. దిగు."

"యమునా, విన్నవా?"

"విన్న వదినా. గల్లీ అంత విన్నది."

చంద్రభాగ చాట సరోజకు అందించింది. కిటికీలోంచి చెయ్యి చాపి, "నీ తువ్వాల ఇటియ్యి," అంది. చెమట తుడుచుకుంటుందనుకుని రాజయ్య భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. ఆమె మెల్లగా కిందికి దిగి, దాన్ని విప్పి, దులిపి, ముందు సీటు మీద పరిచింది. నాలుగు మూలలూ సరిచేసి తలుపు వేసింది.

ఎస్టీ స్టాండులో బస్సు కిటికీలోంచి ఎవరైనా సీటు మీద తువ్వాలు వేస్తే, ఆ సీటు వాళ్ళది. సోలాపూర్‌లో దాన్ని కాదన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. రాజయ్య చాలాసేపు దాని వైపే చూశాడు. తన షెడ్డులో నేసిన తువ్వాలే. తీయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఉత్త భుజంతో, నడుము పట్టుకుని, ఆమె వెనకే బువ్వకు నడిచాడు.