హెల్మెట్ మీది పాత పేర్లు

మురికి అన్నాడు. మనుషుల్ని పట్టుకుని మురికి అన్నాడు మా టీమ్‌లీడర్ తాక్ గ్యుసోక్.

కోజే దీవిలో ఓడలు కట్టే మా యార్డుకి కొత్త కంప్యూటర్ వ్యవస్థ వస్తోంది. అందులోకి ఎక్కించే సమాచారాన్ని శుభ్రం చేయడం నా పని. కార్మికులు ఒక పట్టిక, కంపెనీలు ఒక పట్టిక, జబ్బులూ ప్రమాదాలూ ఇంకో పట్టిక. వాటి మధ్య గీతలు కలపాలి. కంపెనీతో గీత కలవని కార్మికుడే మురికి, చెత్తబుట్టలోకి పోతాడు. కంపెనీల పట్టికలో ఇవాళ కాంట్రాక్టు ఉన్నవే ఉండాలని తాక్ హుకుం.

ఈ యార్డులో కాంట్రాక్టు కంపెనీ ఎలా చస్తుందో అందరికీ తెలుసు. సాయంత్రం మూస్తారు. పొద్దున్నే అదే షెడ్డు, అదే మేస్త్రీ, అవే బ్రష్షులు, పేరు మాత్రం కొత్తది. మనిషికి కొత్త నంబరు, సర్వీసు మళ్ళీ మొదటికి. హెల్మెట్ కొత్తది ఇవ్వరు, పిసినారి వెధవలు. పాత స్టిక్కర్ మీదే కొత్తది అంటిస్తారు.

ఆ హెల్మెట్ చంకలో పెట్టుకుని ప్యో మాల్సుక్ మా ఆఫీసుకి వచ్చింది. ఓడల ట్యాంకుల్లో దూరి రంగులు వేస్తూ ముసలిదైపోయిన మనిషి. జబ్బు పని వల్లే వచ్చిందని పరిహారానికి అర్జీ పెట్టింది. ఎన్నేళ్ళు పనిచేసిందో యార్డు తరఫున మా ఆఫీసే కాగితం ఇవ్వాలి.

"పిన్నీ, నువ్వు చేరింది నిరుడే," అన్నాడు తాక్, తెర చూసి.

"నిరుడు చేరినదాని ఊపిరితిత్తుల్లో ఇంత రంగు ఎక్కడిది నాయనా? మా ఇంటి గోడలకి వేసుకున్నానా?"

"నేనేం చేయను? వ్యవస్థలో లేదు."

"మీ వ్యవస్థ ఎప్పుడైనా ట్యాంకులో దిగిందా?" అని నవ్వబోయి దగ్గులో పడింది.

ఆ కాగితం అలాగే వెళితే అర్జీ చెత్తలోకే. కొత్త వ్యవస్థ మొదలవగానే పాత సమాచారం తుడిచేస్తారు, ఇక ఎవడూ తీయలేడు.

"ఆ హెల్మెట్ ఇలా ఇవ్వు పిన్నీ," అన్నాను. స్టిక్కర్ అంచు అట్టలా మందంగా ఉంది. కట్టర్‌తో గీకాను. సేబ్యోక్ పెయింట్స్ కింద గోరే పెయింట్స్, దాని కింద టోల్సాన్ పెయింట్స్, ఇంకా కింద ఇంకోటి. ఒక్క గోడకి వేసిన పూతల్లా ఉన్నాయి.

కూర్చున్నాను. చచ్చిన కంపెనీలన్నిటినీ పాత సమాచారంలోంచి పట్టికలోకి లాగాను. ఈ కంపెనీ ఆ కంపెనీకి కొనసాగింపు అని కొత్త గీత పెట్టాను. షెడ్డు ఒకటే, మేస్త్రీ ఒకడే, ఒకటి మూసిన మర్నాడే ఇంకోటి తెరిచారు. ఇంకేం రుజువు కావాలి? మాల్సుక్ ఒక్కతే కాదు, నేను బయట పడేసినవాళ్ళంతా వరసగా వెనక్కి వచ్చారు.

తాక్ ముఖం నల్లబడింది. "ఎవడు చెప్పాడు నీకు? ఈ గీత ఉంటే అసలు యజమాని యార్డేనని కోర్టుకెక్కుతారు!"

"అయితే ఇది మురికి కాదని మీకు ముందే తెలుసన్నమాట."

"నోరు ముయ్. తీసెయ్."

నా పేరు మీది లాగిన్ మూసి కుర్చీలోంచి లేచాను. "మీరే తీయండి. మీ పేరుతో తెరవండి. ఎవరు తీశారో వ్యవస్థ రాసిపెట్టుకుంటుంది."

కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. మౌస్ మీద చేయి పెట్టాడు.

మాల్సుక్ స్టూలు అతని పక్కకి లాక్కుంది. "తీయి నాయనా. ఎలా తీస్తావో నేనూ చూస్తాను."

ఏమీ తీయకుండానే మౌస్ వదిలేశాడు. సిగరెట్ పెట్టె వెతుక్కుంటూ బయటికి పోయాడు. అతను మెట్లు దిగేలోగా కాగితం అచ్చు వేసి, ముద్ర కొట్టి, మాల్సుక్ చేతిలో పెట్టాను. ఏళ్ళన్నీ ఉన్నాయి అందులో. అది పట్టుకుని నేరుగా పరిహారం ఆఫీసుకే పోయింది.

నెల తిరక్కముందే మా కంపెనీనీ మూసేశారు. మేమూ కాంట్రాక్టువాళ్ళమేగా! మర్నాడు అదే గది, అవే కుర్చీలు. తాక్ కొత్త స్టిక్కర్లు పంచాడు, గుర్తింపు కార్డు మీద అంటించుకోమని.

పాత పేరు కింద ఖాళీ చూసి అంటించాను.

"దాని మీద అంటించాలి," అన్నాడు.

"రెండూ కనిపించాలి," అన్నాను.