కలుపులో కూర

ఆదివారం పేపరు తిరగేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మన పెద్దల తిండి ఎంత గొప్పదో అందులో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆకుకూరలు తినండి, రక్తం పడుతుంది, కంటిచూపు నిలుస్తుంది, నూరేళ్ళు బతుకుతారు. నిజమే, కాదనను. మా అమ్మ ముసలితనంలో కూడా సూదిలో దారం తనే ఎక్కించుకునేది. ఆవిడ తిన్నదంతా చేలోంచి వచ్చిన కూరే. కానీ ఆ రాసే పెద్దమనుషులు ఒక్కసారి వినుకొండ పక్కన మా పత్తిచేల గట్టు మీద నిలబడి ఆ ముక్క రాస్తే బాగుండేది.

మా వైపు ఆకుకూర ఎవరూ పనిగట్టుకుని పెంచరు. నాలుగు చినుకులు పడితే పైరుతో పాటు అదే మొలుస్తుంది. చెంచలాకు, దొగ్గలి కూర, గంగబాయిలు, అటికమామిడి. రైతుకు అది కలుపు, కూలికి వచ్చిన ఆడదానికి కూర. కలుపు తీస్తూనే లేత చివుళ్ళు గిల్లి ఒళ్ళో వేసుకుంటారు. పొద్దు వాలేసరికి ఒడి నిండుతుంది. ఏ రైతూ అదేమని అడగడు.

మందు కొట్టిన చేనికి మాత్రం గట్టున ఒక కర్ర గుచ్చి వేపమండ కడతారు. ఆ మండ వాడిపోయేదాకా అందులోకి ఎవరూ దిగరు. ఇదీ ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి.

రెండువేల ఒకటి శ్రావణంలో మా అమ్మాయి అఖిల తొలిచూలు పురుటికి వచ్చింది. మా చేలో ఎన్నో ఏళ్ళుగా పని చేసే రెబ్కా కూతురు ఎస్తేరు కూడా అప్పుడే పుట్టింటికి చేరింది. ఇద్దరికీ ఇంచుమించు ఒకే నెల. ఇద్దరినీ ఒకే ఆటోలో వినుకొండ తీసుకెళ్ళి చూపించాం. డాక్టరు ఇద్దరి కంటి రెప్పలూ కిందికి లాగి చూసి ఒకే మాట అన్నాడు. "రక్తం తక్కువగా ఉంది. ఆకుకూరలు బాగా పెట్టండి."

"ఆకుకేం కరువమ్మా, చేను నిండా అదేగా!" అని రెబ్కా దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

ఆ వారమే పత్తికి పచ్చదోమ పట్టింది. మా ఆయన అంకమ్మరావు సాయంత్రం మందు కొట్టి వచ్చాడు. తెల్లారితే కలుపుకు మనుషుల్ని మాట్లాడి ఉన్నాడు. మబ్బు పట్టి ఉంది, వాన దిగితే కలుపు పైరును మింగేస్తుంది. వేపమండ కడితే ఆడవాళ్ళు ఇంకొకరి చేలోకి పోతారు. అందుకని కట్టలేదు. నాతో సహా ఎవరికీ చెప్పనూ లేదు. వాసన రాదా అంటారేమో. ఆ కాలంలో మా ఊళ్ళో గాలంతా మందు కంపే. ఏది నిన్న కొట్టిందో ఏది మొన్న కొట్టిందో ఏ ముక్కూ పట్టలేదు. ఆ రోజు కలుపు తీసిన ఆడవాళ్ళకు తలనొప్పి వచ్చిందట. ఎండ దెబ్బ అనుకున్నారు.

పొద్దు వాలాక రెబ్కా మా దొడ్డి గుమ్మంలోకి వచ్చి సగం ఒడి నా చేటలో గుమ్మరించింది. "అఖిలమ్మకి పప్పులో వెయ్యండమ్మా. మంచి లేతది" అని మిగతాది ఎస్తేరు కోసం పట్టుకెళ్ళింది.

నాలుగు నీళ్ళు కడిగి పప్పులో వేశాను. అఖిల పీట మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అప్పుడే మా ఆయన బజారు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ కంచంలోకి చూశాడు. చేతిలో చెంబు ఎక్కడ పడిందో ఏమో, ఒక్క గెంతులో వచ్చి కంచం ఎగిరిపోయేలా కొట్టాడు.

"ఏంటి నాన్నా!"

"ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!" అని పిల్ల నోట్లో వేళ్ళు పెట్టి మరీ ముద్ద తీశాడు. "నిన్ననే మందు కొట్టానే ఆ చేలో!" అన్నాడు నా వైపు తిరిగి.

పిల్లతో నోరు పుక్కిలింపించి, మింగలేదని నిశ్చయం చేసుకున్నాక అడిగాను. "మరి రెబ్కా ఇంట్లోనో?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "వాళ్ళకేం కాదులే. అలవాటైన ఒళ్ళు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషిని చెయ్యెత్తి కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. కొట్టలేదు. అంత తీరిక లేదు. పశువుల కొట్టంలో ఉన్న మందు డబ్బా కొంగులో చుట్టుకుని ఊరి చివర వాళ్ళ పల్లె వైపు పరుగెత్తాను.

ఎస్తేరు చాప మీద మెలికలు తిరుగుతోంది. ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ. పొయ్యి పక్కన కూర గిన్నె ఖాళీగా ఉంది. ఉన్న కూరంతా కడుపుతో ఉన్న పిల్లకే పెట్టారు మరి. ఆమె తండ్రి ప్రేమదాసు అప్పటికే ఆటో తెచ్చాడు. మేము ఎక్కుతుండగా మా ఆయనా వచ్చి డ్రైవరు పక్కన కూలబడ్డాడు. జాలిపడి వచ్చాడనుకోకండి, భయపడి వచ్చాడు.

"ఏం తిన్నది?" అని అడిగాడు వినుకొండలో డాక్టరు.

"కూరేనయ్యా. మీరు తినమన్న కూరే" అంది రెబ్కా.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు. "ఏదో పిచ్చాకు కలిసిందండి డాక్టరు గారూ. చూసుకోకుండా కోసుంటారు."

రెబ్కా ఆయన మొహంలోకి చూసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆకు కోస్తున్న మనిషి. కానీ కామందు నోటి నుంచి వచ్చిన మాట కదా, నిజమేనేమో అనుకుంది. "నా బిడ్డని నేనే చంపుకుంటున్నానా దేవుడా" అని నేల మీద కూలబడి ఏడ్చింది. చేసిన పాపం చాలక, ఆ నేరం తెచ్చి రెబ్కా మీద పెట్టాడు! నా అరికాలి మంట నెత్తికెక్కింది.

మందు డబ్బా తీసి డాక్టరు బల్ల మీద ఠప్పున పెట్టాను. "పిచ్చాకూ కాదు, దాని తప్పూ కాదు. ఇదీ. నిన్న సాయంత్రం ఈయనే కొట్టాడు. కూలోళ్ళు రారని మండ కట్టలేదు."

డాక్టరు డబ్బా మీది పేరు చదివి, నర్సును కేకేసి ఏవో ఇంజెక్షన్లు తెమ్మన్నాడు. "ఈ ముక్క దాస్తే ఎలాగయ్యా? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాడు. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

తెల్లారేసరికి ఎస్తేరు కళ్ళు తెరిచింది. కడుపులో బిడ్డ కూడా కదులుతోందన్నారు.

ఆస్పత్రి మెట్ల మీద మా ఆయన పళ్ళు కొరికాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"నీ కూతురి నోట్లో ముద్ద తీయడానికి పరిగెత్తావే, అందులో సగం పరుగు ఆ పల్లె దాకా పెట్టి ఉంటే నీ పరువు నీ దగ్గరే ఉండేది" అన్నాను. ఆ తరవాత చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడి ఏం చేయను?

ఎస్తేరును ఇంటికి తెచ్చిన రోజు నేను వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళాను. ఊళ్ళో ఏ కబురున్నా తప్పెట కొట్టి చాటేది ప్రేమదాసే.

"తప్పెట తియ్యి ప్రేమదాసూ. అంకమ్మరావు చేలో మందు కొట్టారు, ఆకు కొయ్యొద్దని వీధి వీధికీ చాటు. చాటించింది ఆయన పెళ్ళామేనని కూడా చెప్పు."

ప్రేమదాసు నాలుగు గడ్డిపరకలు అంటించి తప్పెట కాచాడు. ఒక దెబ్బ కొట్టి చూసుకున్నాడు. అంతలో ఆగిపోయాడు.

"మీ చేనొక్కటే చాటితే, మిగతా చేలల్లో కోసుకోండని చెప్పినట్టేగా అమ్మా?"

నిజమే. నాకు తోచలేదు. "అయితే కొట్టని చేలు ఏవో వాటి పేర్లే చాటు. అక్కడే కోసుకోమను" అన్నాను.

"నాగేంద్రబాబు గారిది మొన్న కొట్టారు. కోటేషుది ఇవాళ పొద్దున. చెరువు కింద మిరప తోటలు వారం వారం కొడుతూనే ఉన్నారు" అని ప్రేమదాసు వేళ్ళు ముడుస్తూ పోయాడు. రెబ్కా కూడా గుమ్మంలో నిలబడి ఆలోచించింది. ముగ్గురం ఊరి చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాం. ఒక్కటీ దొరకలేదు. ప్రేమదాసు తప్పెట తీసుకెళ్ళి గోడకు ఆనించాడు.

లోపలి నుంచి ఎస్తేరు నీరసంగా పిలిచింది. "అమ్మా, ఆకలేస్తోంది. ఇవాళేం కూర?"