ఎనిమిదింటిలో సున్నా

బయట పదిన్నర గంటల ఎండ చుర్రుమంటోంది. స్టూడియోలో మాత్రం నడిరాత్రి. ఎన్నికలు జరిగింది సముద్రాల అవతలి దేశంలో. అక్కడ అప్పుడు రాత్రి కాబట్టి ఇక్కడా రాత్రే ఉండి తీరాలని ఛానల్ పెద్దలు పట్టుబట్టారు. కిటికీలకు నల్లగుడ్డలు బిగించారు, యాంకరమ్మ వెనక అద్దె నక్షత్రాలు వేలాడదీశారు, కార్యక్రమానికి 'ఎన్నికల రాత్రి' అని పేరు పెట్టారు. అప్పుడే మొహాలు కడుక్కుని టీవీ ముందు కూర్చున్న జనానికి యాంకరమ్మ నిండుగా నవ్వుతూ శుభ సాయంత్రం చెప్పింది. టీవీ వాళ్ళకు ఇలాంటివన్నీ చెల్లుతాయి.

అద్దానికి ఇవతల కంట్రోల్ రూమ్‌లో మ్యాపమ్మ కూర్చుని ఉంది. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. తెర మీద దేశపటం నడిపేది ఆమే కాబట్టి మ్యాపమ్మ. ఆమె ముందున్న కంప్యూటర్లో ఒక మూల 'ఖరారు' అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే పటమంతా గెలిచిన వాళ్ళ రంగులోకి మారుతుంది, ఢమఢమా డప్పులు మోగుతాయి, 'విజేత' అని అక్షరాలు ఎగిరి వచ్చి పడతాయి. ఆ తర్వాత ఎవరేమనుకున్నా వెనక్కి తీసుకోవడం ఉండదు.

నాలుగేళ్ళ క్రితం, ఇదే దేశం ఎన్నికల్లో, ఆ బటనే ఆమె కొంప ముంచింది. లెక్క ఇంకా తేలలేదని ఆమె గొణుగుతుంటే, చీఫ్ ఎడిటర్ హెడ్‌ఫోన్‌లో "నొక్కమ్మా" అని ఒక్క అరుపు అరిచాడు. ఆమె నొక్కింది. గంట తిరక్కుండా గెలిచినాయన ఓడిపోయాడు. మర్నాడు ఛానల్ క్షమాపణ చెప్పుకుంటూ, తప్పంతా మ్యాప్ ఆపరేటర్ తొందరపాటుదని పేరుతో సహా చదివి వినిపించింది. చీఫ్ గారి అరుపు మాత్రం ఏ టేపులోనూ లేదు. అప్పట్నుంచి ఆమెను వాతావరణానికి మార్చేశారు. నాలుగేళ్ళుగా రోజుకు ఆరుసార్లు తెర మీద మేఘాలను ఇటునుంచి అటు జరుపుతోంది.

ఇప్పుడు మ్యాప్ నడిపే కుర్రాడికి కడుపులో ఆపరేషన్ జరగడంతో మళ్ళీ ఆమెను పిలిచారు. "ఈ ఒక్కరోజూ మచ్చ లేకుండా గట్టెక్కించు, మ్యాప్ మళ్ళీ నీదే. తేడా వచ్చిందా, రిటైరయ్యే దాకా మేఘాలే" అన్నాడు చీఫ్. ఆమె సరేనంది. ఇంటికెళ్ళి ఆ దేశపు రెండువేల యాభై లెక్కింపు కేంద్రాల జాబితా తెచ్చుకుని, మూడు వారాలు వంటింటి బల్ల మీద పరిచి, ఎక్కడ ఎన్ని ఓట్లుంటాయో నోటుబుక్కులో రాసుకుంది. పోటీలో ఇద్దరు. కుర్చీలో ఉన్న అధ్యక్షుణ్ణి ఛానల్లో అందరూ 'పెద్దాయన' అనేవారు. ఆయన మీద నిలబడింది ఒకప్పటి బడిపంతులమ్మ కాబట్టి ఆమె 'టీచరమ్మ'. ఎవరు గెలిచినా మ్యాపమ్మకు ఒరిగేదేమీ లేదు. ఆమెకు కావలసిందల్లా ఆ పటం.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. ఆ దేశంలో ఈ ఛానల్‌కు ఒక్క విలేకరి కూడా లేడు. ఉన్నదల్లా కంట్రోల్ రూమ్‌లో ఒక గోడ. దాని మీద ఎనిమిది టీవీలు. ఎనిమిదింటిలోనూ ఎనిమిది పోటీ ఛానళ్ళు. వాటిని రెప్పవేయకుండా చూడటానికి జీతమిచ్చి ఒకాయనను పెట్టుకున్నారు. ఆయన్ను 'ఎనిమిది కళ్ళాయన' అంటారు. నియమం చాలా సులువు: మూడు ఛానళ్ళు విజేతను చూపిస్తే మనమూ చూపించాలి, చూపించిన వెంటనే 'అందరికన్నా ముందు మన ఛానల్లోనే' అని కింద అక్షరాలు పరిగెత్తించాలి.

పదీ నలభైకి ఎనిమిది కళ్ళాయన కేక వేశాడు. "ఒకటి! పెద్దాయన గెలిచాడు!"

మ్యాపమ్మ ఎన్నికల సంఘం వారి పేజీ చూసింది. లెక్కింపు తొంభై ఎనిమిది శాతం పూర్తి. పెద్దాయన లక్షా పన్నెండు వేల ఓట్ల ఆధిక్యం. చూడ్డానికి అంతా అయిపోయినట్టే ఉంది.

"రెండు!"

ఆమె నోటుబుక్కు తిప్పింది. తొంభై ఎనిమిది శాతం పూర్తయింది ఓట్లు కాదు, కేంద్రాలు. కొండల్లో మూడొందల ఓట్లున్న కేంద్రమూ ఒకటే, నగరంలో వేల ఓట్లున్న కేంద్రమూ ఒకటే. మిగిలినవి నలభై ఒక్క కేంద్రాలు. పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. అన్నీ రేవు పట్నంలోనివే. ఒక్కొక్క దాంట్లో తొమ్మిది వేల ఓట్లు. అంటే మూడున్నర లక్షల పైచిలుకు ఓట్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ పట్నంలో పొద్దుట్నుంచీ పదింటిలో ఏడు టీచరమ్మకే పడుతున్నాయి. వేళ్ళ మీద లెక్కేసుకుని, తప్పేమోనని ఇంకోసారి వేసింది. పెద్దాయన గెలవలేదు సరికదా, ఓడిపోబోతున్నాడు.

"మూడు!" అని ఎనిమిది కళ్ళాయన ఎగిరి గంతేశాడు. "మూడో వాడు రెండో వాణ్ణి చూపించి చెప్తున్నాడు. రెండో వాడు మొదటి వాణ్ణి చూసి చెప్పాడు!"

హెడ్‌ఫోన్‌లో చీఫ్ గొంతు ఖంగుమంది. "నొక్కమ్మా."

"లెక్క తేలలేదు సార్."

"మూడు వచ్చాయి. నొక్కు."

"మిగిలినవన్నీ రేవు పట్నం ఓట్లు సార్. టీచరమ్మవి."

అంతలో బల్ల మీద ఫోన్ మూడోసారి వణికింది. ఇంటి నుంచి అత్తగారు. ఎత్తకపోతే ఇంకో పదిసార్లు చేస్తుందని తెలిసి ఎత్తింది.

"ఏమ్మాయ్, మీ మ్యాప్ ఇంకా తెల్లగానే ఉందేం? కరెంటు పోయిందా?"

"పోలేదు అత్తయ్యా. అది సరే, మీరు చూసేది ఎవరి ఛానల్?"

"పక్క వాళ్ళది. మధ్యమధ్యలో మీది కూడా తిప్పుతున్నాలే. మీ వాళ్ళు మరీ నిదానం."

"కాసేపు మాదే పెట్టుకోండి" అని ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఈలోగా నాలుగు, ఐదు, ఆరు కూడా వచ్చేశాయి. చీఫ్ తన గదిలోంచి మెట్లన్నీ దూకుతూ దిగి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "ఆరు ఛానళ్ళు చూపించాయి! ఊరంతా మనల్ని చూసి నవ్వుతోంది! ఆరుగురూ తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా?" అంటూ మౌస్ మీదకు చెయ్యి చాచాడు.

మ్యాపమ్మ రెండు చేతులూ మౌస్ మీద పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంది. భయం వేసింది. చాలా భయం వేసింది. పిల్లల చదువులు, ఇంటి అద్దె, మేఘాలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అయినా చేతులు తియ్యలేదు.

"పోయినసారి మీరు నొక్కమంటే నొక్కాను సార్. పేరు మాత్రం నాది చదివారు. ఈసారి మాట పడాల్సి వస్తే నా లెక్కకే పడతాను. మీ అరుపుకు నేను పడను."

గదిలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇదంతా అద్దం అవతల యాంకరమ్మకు ఇయర్‌ఫోన్‌లో వినబడుతోందని అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు. ఆ అమ్మాయి కెమెరా వైపు చూస్తూనే, "మిగతా ఛానళ్ళు ఫలితం చెప్పేశాయి. మన దగ్గర మాత్రం పటం ఇంకా తెల్లగానే ఉంది. ఎందుకు? ఆ మిగిలిన రెండు శాతం ఎక్కడుందో మా మ్యాప్ డెస్క్ అక్క చూపిస్తుంది" అనేసింది.

ఇక చీఫ్ కాదంటే పరువు పోతుంది. పళ్ళు కొరుక్కుంటూ, "సరే, కానివ్వు. తప్పని తేలితే రేపు పొద్దున ఇక్కడ నీ కుర్చీ ఉండదు" అన్నాడు.

మ్యాపమ్మ పటాన్ని పెద్దది చేసింది. రేవు పట్నం తెర నిండా వచ్చింది. నలభై ఒక్క తెల్లటి చుక్కలు, ఒక్కొక్క దాని పక్కనా దాని ఓట్లు. యాంకరమ్మ చంటిపిల్లలకు చెప్పినట్టు వివరించింది. పదినిమిషాలు ఏమీ జరగలేదు. టీవీ వాళ్ళకు పదినిమిషాలంటే ఒక యుగం. ఏడో ఛానల్, ఎనిమిదో ఛానల్ కూడా పెద్దాయనకు దండలు వేసేశాయి. చీఫ్ గోడకు ఆనుకుని గోళ్ళు కొరుకుతున్నాడు.

అప్పుడు తొమ్మిది కేంద్రాలు ఒక్కసారిగా వచ్చాయి. లక్షా పన్నెండు వేలు కాస్తా ఎనభై వేలకు దిగింది. గదిలో ఎవరో "అబ్బో" అన్నారు. ఇంకో ఇరవై వచ్చాయి. ఎనభై వేలు ఎనిమిది వేలయింది. మొదట చూపించిన ఛానల్లో విజయోత్సవం పాట మధ్యలో టక్కున ఆగిపోయి సబ్బు ప్రకటన మొదలైంది. ఇంకో ఛానల్లో పెద్దాయన బొమ్మ మీది 'విజేత' చప్పుడు చెయ్యకుండా మాయమైంది.

"ఒకడు తీసేశాడు! ఇదిగో, ఇంకోడు కూడా తీసేశాడు!" అని ఎనిమిది కళ్ళాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కాసేపట్లో ఎనిమిది టీవీల్లోనూ విజేత అన్న మాటే లేదు. ఆ ఛానళ్ళన్నీ దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లల్లా వాతావరణం గురించీ ఆటల గురించీ మాట్లాడసాగాయి.

తర్వాత ఏడు కేంద్రాలు వచ్చాయి. టీచరమ్మ ముందుకు దూకింది. పదిహేడు వేల ఆధిక్యం. మిగిలినవి ఐదు. మ్యాపమ్మ చివరిసారి లెక్కేసింది. నలభై ఐదు వేల ఓట్లు. పెద్దాయన గెలవాలంటే వాటిలో ముప్ఫై ఒక్క వేలు ఆయనకే పడాలి. ఆ పట్నంలో పదింటికి మూడు కూడా సరిగ్గా పడని మనిషికి అది అయ్యే పని కాదు. లెక్క తేలిపోయింది.

ఆమె చెయ్యి బటన్ మీదకు వెళ్ళింది.

"ఆగాగు!" చీఫ్ కంగారుగా ముందుకొచ్చాడు. "ఇంకా ఎవరూ చూపించలేదు. ఒక్కడైనా చూపించనీ. ఎనిమిదింటిలో సున్నా!"

మ్యాపమ్మకు నవ్వొచ్చింది. ఇంతసేపూ బిగబట్టుకున్న భయమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. "వాళ్ళూ మనల్ని చూసి నేర్చుకుంటారు లెండి" అని నొక్కేసింది.

పటమంతా టీచరమ్మ రంగులో వెలిగిపోయింది. డప్పులు మోగాయి. అద్దం అవతల యాంకరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి గొంతు చించుకుని ఫలితం చెప్పింది. కంట్రోల్ రూమ్‌లో టీ తెచ్చినాయనతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. మ్యాపమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నాలుగేళ్ళ ఉక్రోషం ఒక్క వేలి కిందనుంచి వెళ్ళిపోయినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. సంతోషం పట్టలేక పక్కనున్న ఎనిమిది కళ్ళాయన భుజం మీద ఒక్కటిచ్చింది.

ఆయన భుజం రుద్దుకుంటూ గోడకేసి చూపించాడు. మూడో టీవీలో, ఆ ఛానల్ వాళ్ళ యాంకర్ వెనక, వీళ్ళ పటమే కనబడుతోంది. పక్కదాంట్లోనూ అదే. తెర మీద తెర పెట్టుకుని, 'తాజా సమాచారం ప్రకారం' అంటూ చదివేస్తున్నారు.

చీఫ్ ఆ గోడను కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా వచ్చి మ్యాపమ్మ కుర్చీ పక్కన నిలబడ్డాడు. పోయినసారి సంగతి ఏదో చెప్పబోయాడు కానీ మాట కుదర్లేదు. చివరికి, "రేపట్నుంచి మ్యాప్ నీదేనమ్మా" అన్నాడు.

"రేపటి సంగతి రేపు చూద్దాం సార్. ఇంకా ఐదు కేంద్రాలు రావాలి" అంది మ్యాపమ్మ, తల తిప్పకుండానే. "కాస్త పక్కకు జరగండి, తెర కనబడట్లేదు."

ఆయన జరిగాడు.