ఔనని నొక్కిన వేలు

ఇస్త్రీ చేసేవాళ్ళ ఎడమ చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గిన్నెలో వేళ్ళు ముంచి బట్టమీద చిలకరించాలి, వెనకాలే కుడిచేత్తో పెట్టె తోసుకుంటూ రావాలి. ఆ ఇంట్లో ఉండే అక్కాచెల్లెళ్ళలో చెల్లెలు ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. ఫోను బల్ల చివర పడి ఉంటుంది.

ఆ ఫోను తెరమీద ఉన్నట్టుండి ఒక డబ్బా లేచేది. మీకు ఫోను చేసినవాళ్ళకి పాట వినిపించమంటారా? కింద ఔను, పక్కనే కాదు. తడి వేలు కాదుమీద పెడితే జారి ఔనుమీద పడేది. అలా పాటలు, జాతకాలు, ఆటల స్కోర్లు, జోకులు, ఇంకో రెండు, మొత్తం ఆరు ఆమె నెత్తికెక్కి కూర్చున్నాయి. ఊరికే కూర్చున్నాయా అంటే అదీ లేదు. ఒక్కోదాని తరఫున ఒక్కో రికార్డు గొంతు పూటకోసారి ఫోను చేసేది, చేసినప్పుడల్లా కొత్త నంబరు.

అక్కకి రెండు కళ్ళమీదా తెల్లపొర కమ్మి చూపు పోయింది. ఎవరైనా కన్ను దానం చేస్తే ఆసుపత్రివాళ్ళు వరసలో ఉన్నవాళ్ళకి కబురు చేస్తారు. రెండుసార్లు ఫోను చేస్తారు, ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు. అక్క పేరు పక్కన రాయించింది చెల్లెలి నంబరే.

మంగళవారం పట్టుచీరమీద పెట్టె నడుస్తుండగా ఫోను మోగింది. కొత్త నంబరు. "నీ పాట నీ మొగుడికి పాడుకో" అని ఎత్తకుండానే కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది. మధ్యాహ్నం ఎందుకో మనసు పీకి ఆ నంబరుకి చేస్తే, పలికింది ఆసుపత్రి. ఆ కన్ను అప్పటికే ఇంకొకరిది అయిపోయింది. "మీ పేరు తియ్యలేదమ్మా, మళ్ళీ వస్తే చేస్తాం. ఈసారి ఎత్తండి" అన్నారు అవతలివాళ్ళు.

అక్కతో ఒక్క ముక్క చెప్పలేదు. బుధవారం ఇంటి అరుగుమీది దుకాణం మూసేసి ఫోను కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. వరసలో నిలబడ్డంతసేపూ ఫోను గుప్పిట్లో పిట్టపిల్లలా పట్టుకునే ఉంది.

"ఇవన్నీ తీసెయ్యి నాయనా" అంది కౌంటర్లో టై కట్టుకున్న మనిషితో.

"కస్టమర్ కేర్‌కి చెయ్యండమ్మా."

"చేశాను. మూడు నొక్కమంది, ఏడు నొక్కమంది. అన్నీ నొక్కాక జాతకం చెప్పింది."

"ఏం చెప్పిందేంటి?" అన్నాడు వెనకనున్న లారీ డ్రైవరు.

"శుభవార్త వింటానంట."

వరసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. టై మనిషి కంప్యూటర్లోకి చూసి, "ఆరు సర్వీసులున్నాయి. ఆరిటికీ మీరే ఔనన్నారు. మేం చేసేదేం లేదు" అన్నాడు.

"నేననలేదు. తీసెయ్యమంటున్నాను."

"నొక్కేముందు చదువుకోవాలి కదా ఆంటీ."

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతని పక్కనున్న నీళ్ళసీసా అందుకుని మూత తీసి, బల్లమీదున్న అతని చేతిమీద ఒంపింది. ఫోను ముందుకి తోసింది.

"నా చెయ్యి రోజంతా ఇలాగే ఉంటుంది. ఇప్పుడొస్తుంది చూడు డబ్బా. కాదని నొక్కు."

అతను కాగితాల కోసం వెతుక్కుంటుండగానే డబ్బా లేచింది. రోజుకో వంట చిట్కా కావాలా? చదువుకున్న మనిషి, కాదుమీదే వేలు పెట్టాడు. జారింది. మీరు చేరినందుకు ధన్యవాదాలు అంది ఫోను.

"ఏడు" అన్నాడు డ్రైవరు.

"మా అక్కకి కన్ను వచ్చిందని ఫోను చేస్తే, మీ పాటలదే అనుకుని నా చేత్తోనే కట్ చేశాను. రెండుసార్లు." ఆమె గొంతు పెంచలేదు. "తియ్యి. లేదంటే ఈ ఫోను నీ దగ్గరే పెట్టుకుని, ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నువ్వే ఎత్తు."

ఎవరూ నవ్వలేదు. టై మనిషి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఒకేసారి అన్నీ ఆపే వీలుందమ్మా" అన్నాడు మెల్లిగా. "కస్టమరు మూడుసార్లు గట్టిగా అడిగితేనే ఆపమన్నారు."

"మరి ఇది ఎన్నోసారి?"

అతను మీటలు నొక్కాడు. రికార్డు ఫోన్లు, డబ్బాలు, పాట, అన్నీ పోయాయి. ఆఖరికి 'మా సేవ మీకు నచ్చిందా' అని ఇంకో డబ్బా లేచింది. ఆమె ఫోను అతని మొహం ముందు పెట్టింది. దాన్నీ అతనే మూశాడు.

ఇంటికొచ్చి అక్క పక్కన కూలబడి మంగళవారం సంగతంతా చెప్పేసింది. అక్క చెయ్యి చాపి ఫోను తడుముకుంది.

"చప్పుడే లేదు. చచ్చిందా ఏమిటే?"

"లేదు. నోరు మూయించొచ్చాను."

"నాకు నమ్మకం లేదు. పక్కింటావిడని ఓసారి చెయ్యమను. నువ్వెళ్ళి బల్ల దగ్గర నిలబడు. చెయ్యి తడిపే ఉంచు."

చెల్లెలు పక్కింటావిడకి చెప్పొచ్చి, చెయ్యి తడుపుకుని పెట్టె పట్టుకు నిలబడింది. ఫోను మోగింది. ఆమె పెట్టె నిలబెట్టి, చెంగుకి చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"ఎన్ని మోతలయ్యాయి?" అంది అక్క.

"మూడు."

"ఎక్కువ" అంది అక్క. "మళ్ళీ చెయ్యమను."