ఎర్ర కారు తుమ్ములు

షెడ్డులో నిలబడి ఉన్నంతసేపూ ఆ ఎర్ర స్పోర్ట్స్ కారంత బుద్ధిమంతురాలు ఇంకొకటి ఉండదు. తాళం తిప్పితే పెంపుడు పిల్లిలా గుర్రుమంటూ కూర్చుంటుంది. రోడ్డెక్కి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, ఇంజిన్‌లోకి గాలి ఊదడానికి కొత్తగా బిగించిన పెద్ద టర్బో ఈల వేయడం మొదలుపెట్టేసరికి మాత్రం టప్, టప్, టటప్ అంటూ తుమ్ములే తుమ్ములు. తుమ్ము తుమ్ముకీ లోపల కూర్చున్నవాళ్ల మెడలు కోడి మెడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతాయి.

"మిస్సింగ్. మధ్యమధ్యలో నిప్పు అంటుకోవట్లేదు," అంది అక్క కారు దిగుతూ.

"అది నా మెడకీ తెలిసిందక్కా. ఎందుకొస్తోందో చెప్పు," అన్నాడు తమ్ముడు.

"మీ అక్క రాసిన అంకెల వల్ల," అన్నాడు బావ, ఎవరూ అడక్కపోయినా.

ఆ షెడ్డుకి వచ్చేవాళ్లంతా తమ్ముడి స్నేహితులే కాబట్టి ఊరందరికీ ఆవిడ అక్క, ఆవిడ మొగుడు బావ. ఇంజిన్ పని ఆవిడది, రంగు పని ఆయనది. రంగు మీద దుమ్ము పడకుండా ఇద్దరి మధ్యా ఒక టార్పాలిన్ వేలాడుతూ ఉంటుంది. అది దుమ్మునైతే ఆపుతుంది కానీ మాటల్ని ఆపిన రోజు లేదు.

ఎర్ర కారు తమ్ముడిది. తెల్లారితే కొండ దారిలో పందెం. ఆ పందెం కోసమే బావ ఇంజిన్ పైమూత విప్పి, దానికి అద్దంలా ఎర్ర రంగు వేశాడు. ఆ వెంటనే అక్క పెద్ద టర్బో బిగించి, పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో కారు కంప్యూటర్లో అంకెలన్నీ మార్చింది. ఇన్నాళ్లూ ఆ అంకెలు రాయడానికి బయటినుంచి ఎవరినో పిలిచేవాళ్లు. సొంతంగా రాయడం ఆవిడకి ఇదే మొదటిసారి. అందుకే మొగుడి మాట చురుక్కున తగిలింది.

తమ్ముడు మెడ రుద్దుకున్నాడు. "సాయంత్రం లోపల తేలకపోతే పాత అంకెలే ఎక్కించెయ్యక్కా. వేగం తగ్గినా పర్లేదు, కొండ పైదాకా వెళ్తే చాలు."

అనని మాట కూడా ఆవిడకి వినపడింది. పాత అంకెలు ఎక్కాయంటే రేపట్నించి కుర్రాళ్లంతా ఆయిల్ మార్పించడానికి అక్క దగ్గరికీ, అంకెలు రాయించడానికి ఇంకెక్కడికో పోతారు.

"సాయంత్రం దాకా టైముంది కదరా," అని చేతులు తుడుచుకుంది.

ముందు ప్లగ్గులు విప్పి చూసింది. వాటి కొసల మధ్య సందు కాస్త తగ్గించి మళ్లీ బిగించింది. తుమ్ము తగ్గలేదు. పెట్రోలు ఒత్తిడి కొలిచింది. ఉండాల్సినంతా ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి ఏ సిలిండర్ తుమ్ముతోందో చూస్తే ఒకసారి రెండోది అంది, ఇంకోసారి నాలుగోది, ఆ తర్వాత ఒకటీ మూడూ కలిసి. నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లని అటుదిటు మార్చినా తుమ్ము వాటి వెంట పోలేదు. తరగతిలో ఎవరు ఈల వేశారంటే ఒకళ్లనొకళ్లు చూపించుకునే పిల్లల్లా ఉంది వ్యవహారం.

"ఒక్క సిలిండర్ కాదు, నాలుగూ అలిగాయన్నమాట," అన్నాడు బావ టార్పాలిన్ సందులోంచి తల పెట్టి. "నా మూతకేసి చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో!"

ఆవిడ మూతకేసి చూసింది. నిజంగానే మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేలా ఉంది. మూలన ఉన్న బోల్టు దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లడానికి నాలుగు కాయిళ్ల ఎర్త్ వైర్లూ ఒక్క చోట కలిసి ఆ బోల్టు కింద మూతకి తగలాలి. తగలాల్సిన చోట కరెంటుని పోనివ్వని ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. నలుగురికీ కలిపి కూర్చోడానికి ఉన్న ఒక్క బల్లనీ తీసేస్తే నలుగురూ అలగరూ?

ఆవిడ పెదవులు కదిలాయి. కానీ చెప్పలేదు. పొద్దున్నుంచి పడ్డ మాటలకి ఆయన్ని ఇంత తొందరగా వదిలేస్తే ఏం బావుంటుంది? ఎవరూ చూడకుండా ఆ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కి ఒక వైరు కట్టి, "ఒక్క చుట్టు తిరిగొస్తా," అని ఒక్కతే వెళ్లింది. టర్బో ఈల వేసింది. తుమ్ము లేదు. గిడ్డంగుల వెనక రోడ్డులో కారు జారుడుబండ మీద జారినట్టు దూసుకుపోయింది. తిరిగొస్తూ సందు చివర ఆపి, వైరు పీకి జేబులో పెట్టుకుని, మొహం వేలాడేసుకుని షెడ్డులోకి వచ్చింది.

"తేలిందా?" అన్నాడు తమ్ముడు.

"ఏమో రా. ఏమండీ, మిమ్మల్నో మాట అడగాలి. ఈ రంగు పైపైన వేశారా, అంతటా వేశారా?"

బావకి కావాల్సింది అదే. తమ్ముడి భుజం మీద చెయ్యేసి మరీ మొదలుపెట్టాడు. "పైపైన వేసేవాళ్లు వేరే ఉంటారు. నేను పనికి దిగితే గుండుసూది మొనంత లోహం కూడా బయటికి కనపడనివ్వను. బోల్టులన్నీ తీసి, మూత తలకిందులు చేసి, మూలమూలలా వేస్తాను."

"ఈ మూల బోల్టు కింద కూడానా?"

"దాని కింద ప్రైమరు, రంగు, పైన లక్కపూత! మూడూ ఉన్నాయి. కావాలంటే పందెం!"

"పందెం ఎందుకులెండి, ఇది పట్టుకోండి." మీటరు ఆయన చేతిలో పెట్టింది. "ఒక సూది ఇంజిన్ మీద, ఇంకోటి ఆ వైర్ల కొస మీద పెట్టండి. కరెంటుకి దారి ఉంటే కూస్తుంది."

ఆయన పెట్టాడు. కూయలేదు. నొక్కి పెట్టాడు. వైరు కదిలినప్పుడు కీచుమని ఒక మూలుగు మూలిగి ఊరుకుంది.

"ఇది కూయదేంటి?"

"మీ పనితనం అలాంటిది మరి. గట్టిగా వేశారుగా."

తమ్ముడు ముందు అక్కని చూశాడు, తర్వాత బోల్టుని, ఆఖర్న బావని. చూసి, నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి వెళ్లిపోయాడు. అక్కణ్ణించి దగ్గు వినపడింది.

బావ చెవులు మూతకన్నా ఎర్రబడ్డాయి. "మరి నెమ్మదిగా ఉన్నప్పుడు బాగానే ఉందిగా?"

"బోల్టు మర చుట్ల దగ్గర ఏ కాస్తో తగులుతోంది. కాలక్షేపానికి సరిపోతుంది. టర్బో ఊదేటప్పుడు గట్టి నిప్పురవ్వ కావాలి, దానికి చాలదు."

ఆవిడ ఆకురాయి అందుకుంది. అది చూడగానే ఆయన మూతకి అడ్డంపడ్డాడు. "అది వద్దు! నువ్వు గీకితే కోడి కెలికినట్టుంటుంది. ఇలా తప్పుకో."

గరుకు కాగితం మడిచి, బోల్టు తలకన్నా వెంట్రుకవాసి పెద్దది కాకుండా, చంటిపిల్లకి గోళ్లు తీస్తున్నట్టు ఊపిరి బిగబట్టి గుండ్రంగా గీకాడు. ఆయన మొహం చూస్తే అక్కకి ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.

"ఇప్పుడు పరీక్ష. ల్యాప్‌టాప్ మీరు పట్టుకుని ఎన్ని తుమ్ములో అంకె చూడండి, వాడు నడుపుతాడు."

"నేనెందుకు?"

"అంకెలు తప్పని అన్నది మీరేగా. దగ్గరుండి చూడండి."

వాళ్లు వెళ్లారు. షెడ్డు గుమ్మంలో నిలబడి ఆవిడ చెవులు రిక్కించింది. గిడ్డంగుల అవతల టర్బో ఈల పెరిగింది, పెరిగింది, ఇంకా పెరిగింది. తుమ్ము రాలేదు. ఈల మీద ఒక మనిషి కేక మాత్రం తేలి వచ్చింది: "సున్నా! సున్నా! నాయనా ఆపరా, సున్నా అంటుంటే!"

తిరిగొచ్చాక తమ్ముడు తలుపు తెరుస్తూనే, "అక్కా, ఒక్క అంకె కూడా ముట్టుకోకు. ఇలాగే పందేనికి పోతుంది," అన్నాడు.

బావ రెండు చేతులతో డోరు పట్టుకుని దిగాడు. కాసేపు నేలని నమ్మనట్టు నిలబడి, టేపు చుట్ట తెచ్చి భార్య ముందు పెట్టాడు. "ఇకనుంచి ఏ మూతకి ఎక్కడ రంగు పడకూడదో ముందే చెప్పు. అక్కడ ఈ టేపు అంటిస్తాను."

"చెప్తాను. ముందు నా అంకెల గురించి పొద్దున్నుంచి అన్నవి వెనక్కి తీసుకోండి."

"అన్నీనా?"

"వరసగా. వాడు కూడా వినేలా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తమ్ముడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.