ఎర్ర మూతి పైపులు

దేవదానం ప్రతి ఆదివారం ఆరాధనకు గంట ముందే చర్చికి వెళ్ళి కుర్చీలు సర్దుతుంటే, మనిషికి భక్తి ముదిరిందని సంఘమంతా మురిసిపోయింది. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్ళూ గుర్తించలేదే అని పాస్టరయ్యగారు కూడా నొచ్చుకున్నారు. భక్తీ లేదు, పాడూ లేదు. అతనిది భయం.

ఆ కుర్చీలు అతను ఇచ్చినవే. కంది ఊరు దాటాక హైవే పక్క సందులో ఉన్న ఆ చిన్న చర్చిలో నిరుటిదాకా అందరూ జంపఖానాల మీదే కూర్చునేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు గోడ పట్టుకుని లేచేవాళ్ళు. అందరికంటే అవస్థ ఎలిజబెత్ టీచరమ్మది. చిన్నప్పుడు సండే స్కూల్లో దేవదానానికి వాక్యాలు బట్టీ పట్టించిన మనిషి ఆవిడ. ఒకరోజు ఆమె లేవబోయి రెండుసార్లు కూలబడడం చూసి, "కుర్చీలు నేను చేపిస్త అయ్యగారూ" అని నలుగురిలో మాటిచ్చేశాడు. అక్కడిదాకా అతన్ని వేలెత్తి చూపే పని లేదు.

దేవదానం పటాన్‌చెరులో ఒక పైపుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ చూస్తాడు. కాల్చకుండా చల్లగానే రోలర్ల మధ్య నలిపి పలచన చేసిన ఇనుప రేకు, మిషన్లో గుండ్రంగా చుట్టుకుని, అంచులు అతుక్కుని, నిగనిగలాడే పైపుగా బయటికొస్తుంది. మంచాలకూ, బడి బెంచీలకూ, ఆస్పత్రి స్ట్రెచర్లకూ, కుర్చీలకూ పోయేది ఆ పైపే. ప్రతి కట్టలోంచీ ఉంగరమంత ముక్క కోసి, ప్రెస్సులో పెట్టి అప్పడంలా అణచడం దేవదానం పని. అతుకు విడకపోతే కట్ట పాసు. విడిందంటే ఆ కట్టలో పైపుల మూతులన్నిటికీ ఎర్ర రంగు పూసి స్క్రాపులోకి తోయించాలి. పన్నెండేళ్ళుగా ఆ ఎర్ర డబ్బా అతని చేతిలోనే ఉంది.

పైపులు కావాలని అడిగితే మేనేజరు శ్రీకాంత్ కాదనలేదు. "చర్చి కోసమా? స్క్రాపులకెళ్ళి మంచియి చూసి తీస్కపో" అన్నాడు.

మంచివి వెతికాడు, పాపం. గీతలు పడ్డవీ, పొట్టివీ, వంకరపోయినవీ దొరికాయి. కుర్చీలకు సరిపడా పొడుగున్నది ఒక్క కట్టే. దాని మూతులు ఎర్రగా ఉన్నాయి. ఆ రంగు పూసింది తానే. మాటిచ్చి అప్పటికే రెండు నెలలైంది, కనిపించినవాడల్లా కుర్చీలెప్పుడని అడుగుతున్నాడు. ఎర్ర మూతులు కోయించేసి, ఆ కట్టను నర్సింహులు వెల్డింగ్ షాపులో దింపాడు. వంచుతుంటే రెండు పైపులు అతుకు దగ్గర నోరు తెరిచాయి.

"ఏంది దేవదానం, గిట్ల పలుగుతున్నయి? జెర చూసి తెచ్చినవా?" అన్నాడు నర్సింహులు.

"ఆ రెండే గసొంటియి. మిగిలినయి మంచిగున్నయి. నువ్వు కానియ్యి."

నలభై కుర్చీలు నీలం రంగు వేసుకుని చర్చికి చేరాయి. ప్రతి కుర్చీ వెనకా 'దేవదానం, సిల్వియా దంపతుల కానుక' అని తెల్లటి అక్షరాలు. అయ్యగారు శాలువా కప్పారు. సిల్వియా భర్త వంక చూసిన చూపులో పెళ్ళయ్యాక ఎన్నడూ లేని గౌరవం కనిపించింది. ఇక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది?

అప్పటినుంచీ దేవదానం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది లేదు. ఎక్కడ కిర్రుమన్నా ఉలిక్కిపడేవాడు. ముందుగా వెళ్ళి ఒక్కో కాలినీ వేలితో తడిమి, అతుకు దగ్గర పగులు తగిలితే ఆ కుర్చీని మెల్లగా స్టోర్ గదికి చేర్చేవాడు. భారీ మనుషులు వస్తుంటే ఎదురెళ్ళి, "ఇటు కూసోండి" అని కాస్త నమ్మకమున్న కుర్చీ చూపించేవాడు. ఎంత మర్యాదస్థుడో అని అందరూ కలిసి అతన్ని సంఘపెద్దను చేశారు.

వానాకాలం మొదట్లో టీచరమ్మ కుడి మణికట్టు విరిగింది. బాత్రూంలో జారిపడ్డానంది. సంఘపెద్ద హోదాలో దేవదానమే పండ్లు పట్టుకెళ్ళి, ఆమె మంచం పక్కన మోకరించి, స్వస్థత కోసం పెద్ద గొంతుతో ప్రార్థన చేసి వచ్చాడు. ఆ వారమే చర్చిలో ఒక కుర్చీ తగ్గింది. ఎవరో ఫంక్షన్‌కు పట్టుకెళ్ళి ఉంటారు, ఒక పీడ వదిలిందనుకున్నాడు.

నెల తర్వాత కట్టుతోనే వచ్చింది టీచరమ్మ. దేవదానం పరుగున కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కుర్చీని చూసి, గోడ పట్టుకుని, పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ నేల మీద కూర్చుంది.

"కుర్చీ ఉంది గద టీచరమ్మా?"

"కిందనే మంచిగుంటది బిడ్డా."

ఆమె అతని ముఖంలోకి చూడలేదు. ఇక అడగవలసింది ఏమీ లేదు.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే వేళ. సంఘపెద్ద లేచి నిలబడగానే అందరూ ఆనందంగా చూశారు. అతను పైపుల కట్ట గురించి చెప్పాడు, ప్రెస్సులో విడిన అతుకు గురించి, కోయించిన ఎర్ర మూతుల గురించి చెప్పాడు. "తెలిసే తెచ్చిన. నన్ను మీరు పెద్దను చేసిండ్రు" అని ఆగిపోయాడు. ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచారు. సిల్వియా తల పైకెత్తలేదు.

టీచరమ్మ మాత్రం నేల మీదే ఉండి అతన్ని చూసింది. "శనివారం పూలు పెట్టనీకి వచ్చిన్నాడు కుర్చీ విరిగింది బిడ్డా. దాని మీద నీ పేరు రాసుండె. నలుగురు చూస్తె నువ్వు తలెట్ల ఎత్తుకుంటవని ఆటోల ఏపిచ్చుకపోయి మా మంచం కింద పెట్టిన." ఆమె పిల్లల వైపు తిరిగింది. "అదొక్కటే గట్లున్నదేమో అనుకున్న, నాకే భయమై కింద కూసున్న. అన్నీ గట్లనే అని తెలిస్తె, ఈ పిల్లలను కూసోనిస్తుంటినా?"

ఆ మంచం పక్కనే తాను మోకరించాడు.

ఎవరో జంపఖానాలు దులిపి పరిచారు. ఆరాధన ముగిశాక టీచరమ్మను నేల మీంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. సిల్వియా ఒక పక్క పట్టింది. రెండో పక్కకు దేవదానం వెళ్ళాడు గానీ, కట్టున్న చేతిని ఎక్కడ పట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.