ఇన్‌వర్డ్ నంబరు పడ్డ ఉత్తరం

యూనివర్సిటీకి జవాబు రాయాలని ఫైలు తిరగేస్తుంటే ప్రిన్సిపాల్ చెన్నకేశవులుకు అందులో ఒక ఇన్‌లాండ్ లెటర్ కనిపించింది. తెలకపల్లి నుంచి అక్క రుక్కమ్మ ఎవరిచేతనో రాయించింది.

"తమ్మీ, ఇరవై తారీకు నా కంటి ఆపరేషన్. దవాఖానల ఇంటోళ్ల సంతకం కావాలంటున్నరు. నువ్వు తప్ప నాకెవరున్నరు? జర వచ్చిపో."

ఇరవయ్యో తేదీ దాటి తొమ్మిది రోజులైంది. ఉత్తరం మీద ఆఫీసు ముద్ర, వచ్చిన టపాకు వేసే ఇన్‌వర్డ్ నంబరు, వాటి కింద ఆయన చేతిరాతే, సంతకంతో సహా: "చూశాను. ఫైలు చేయండి."

క్లర్కు మాలతిని పిలిచాడు.

"సొంత ఉత్తరం గూడ టపాల కలిపినవేందమ్మా?"

"మీకు సొంత ఉత్తరాలొస్తయని నాకేం తెల్సు సార్? ఆరేండ్లల్ల ఒక్కటన్న రాలే. అన్నిటితోని పెట్టిన, మీరు సంతకం చేసిండ్రు."

ఆయన ఫోన్ అందుకున్నాడు. తెలకపల్లిలో అక్క ఇంటి పక్కనున్న కిరాణా దుకాణానికి ఫోన్ చేసి ఆమెను పిలిపించాడు.

"ఆపరేషన్ అయిందా అక్కా?"

"అయింది తమ్మీ, మంచిగనే కనవడుతుంది. పక్క మంచం ముసలామె కొడుకు సంతకం పెట్టిండు. ఈమెకు నువ్వేమైతవని దవాఖానోళ్లడిగితే, తమ్ముణ్ణన్నడు పాపం."

"మంచిది," అన్నాడు చెన్నకేశవులు.